‘పెట్టు’ అన్నా ‘పుట్’, ‘వెయ్యి’ అన్నా ‘పుట్’

ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, బడి పుస్తకంలో ఇంగ్లిష్. రాయచూరు జిల్లా మస్కిలోనూ, తుంగభద్ర ఎడమ కాలువ కింద వెలసిన క్యాంపుల్లోనూ తెలుగు పిల్లల రోజు ఇలాగే గడుస్తుంది. బజారుకు వెళితే ఉర్దూ కూడా చెవిన పడుతుంది. ఇలాంటి పిల్లలకు ఇంగ్లిష్ నేర్పేటప్పుడు పెద్ద మాటల దగ్గర కంటే చిన్న మాటల దగ్గరే ఎక్కువ చిక్కు వస్తుంది. ‘ఎలిఫెంట్’ అంటే ఏనుగు అని ఒకసారి చెబితే సరిపోతుంది. ‘పుట్’ అంటే? ‘పెట్టు’ అని చెప్పి ముందుకు వెళ్లిపోతాం. మర్నాడు పిల్లవాడు ‘పుట్ ద ఫ్యాన్’ అంటాడు. ఇంకొకరు ‘అవర్ హెన్ పుట్ యాన్ ఎగ్’ అని రాస్తారు. మరొకరు ‘టీచర్, వేర్ ఐ కీప్ దిస్ బుక్?’ అని అడుగుతారు.

ఎర్ర సిరాతో కొట్టివేయడం తేలిక. కానీ ఈ తప్పులు ఎక్కడినుంచి వస్తున్నాయో చూస్తే, అవి తెలివితక్కువతనం వల్ల వచ్చినవి కావని తెలుస్తుంది. పిల్లలు తమ ఇంటి భాష నియమాన్ని అక్షరాలా పాటించారు. ఆ నియమం ఇంగ్లిష్‌లో లేదు, అంతే. ఆ తేడా ఏమిటో చెబితే తప్పు దానంతట అదే తగ్గుతుంది. అందుకే ఈసారి ఈ ఒక్క మాటనే తీసుకుందాం.

మూడు అక్షరాలు, బోలెడు అర్థాలు

ఇంగ్లిష్‌లో ‘పుట్’ రాయడానికి మూడే అక్షరాలు. నిఘంటువులో మాత్రం అది చాలా చోటు తీసుకుంటుంది. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు 1989 కూర్పులో అన్నిటికంటే పొడవైన పద్దు ‘సెట్’ది. తరవాత ఆ నిఘంటువును తిరగరాస్తున్నప్పుడు 2000లో ‘మేక్’, 2007లో ‘పుట్’, 2011లో ‘రన్’ ఒకదాని తరవాత ఒకటి ఆ రికార్డును దాటేశాయి. అంటే కొంతకాలం ఇంగ్లిష్ మాటలన్నిటిలోకీ పొడవైన వివరణ ‘పుట్’దే. ఒక్క తెలుగు మాటతో దాని పని ముగించాలనుకుంటే ఎందుకు కుదరదో దీన్నిబట్టే అర్థమవుతుంది.

ముందు పలకడం సంగతి చూద్దాం. ‘కట్’, ‘బట్’, ‘నట్’ లాగే రాస్తాం కాబట్టి పిల్లలు దీన్ని ‘పట్’ అంటారు. అది సరికాదు. ‘పుట్’ అనాలి. ‘పుల్’, ‘పుష్’, ‘ఫుల్’, ‘బుల్’, ‘బుష్’ దీని జట్టు. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండులో చాలా మాటల్లోని ‘ఉ’ శబ్దం మారిపోయింది. పెదవులతో పలికే శబ్దాల తరవాత వచ్చిన కొన్ని మాటల్లో మాత్రం పాత ‘ఉ’ అలాగే నిలిచింది. ఈ ఆరు మాటలను ఒకే వరసలో నల్లబల్ల మీద రాసి రోజూ ఒకసారి చదివిస్తే చాలు.

కాలం మారినా ఈ క్రియ రూపం మారదు. ఇవాళా ‘పుట్’, నిన్నా ‘పుట్’. ‘పుట్టెడ్’ అనే మాట లేదు. ‘మదర్ పుట్స్’ అంటే అమ్మ రోజూ పెడుతుంది. ‘మదర్ పుట్’ అంటే అమ్మ పెట్టింది. చివరి ‘స్’ ఒక్కటే తేడా. ‘పుటింగ్’ రాసేటప్పుడు మాత్రం ‘టి’ అక్షరం రెండుసార్లు రావాలి.

ఏమిటి? ఎక్కడ?

‘పుట్’తో వాక్యం కట్టడానికి అన్నిటికంటే ముఖ్యమైన నియమం ఇది. ఇంగ్లిష్‌లో ‘పుట్’ అన్నాక రెండు విషయాలు చెప్పాలి. ఏమిటి పెట్టాలి? ఎక్కడ పెట్టాలి? రెండిట్లో ఏది లేకపోయినా వాక్యం కుంటుపడుతుంది.

తెలుగులో ‘పుస్తకం పెట్టు’ అంటే వాక్యం పూర్తయినట్లే. ఎక్కడ పెట్టాలో ఎదుటివారికి తెలుసు. కన్నడలో ‘పుస్తక ఇడు’ అన్నా అంతే. ఇంగ్లిష్‌లో ‘పుట్ ద బుక్’ అని ఆపేస్తే వినేవారు ఇంకా ఎదురుచూస్తూ ఉంటారు. ‘పుట్ ద బుక్ ఆన్ ద టేబుల్’ అనాలి. చోటు పేరు చెప్పడం ఇష్టం లేకపోతే కనీసం ‘పుట్ ద బుక్ హియర్’, ‘పుట్ ద బుక్ దేర్’, ‘పుట్ ద బుక్ డౌన్’, ‘పుట్ ద బుక్ బ్యాక్’ అనాలి. ఇక్కడ, అక్కడ, కింద, తిరిగి ఉన్న చోట. ఏదో ఒక చోటు మాట రావాల్సిందే.

చోటు చెప్పే మాటలు మనకు నామవాచకం తరవాత వస్తాయి. బల్ల మీద, సంచిలో, మంచం కింద. ఇంగ్లిష్‌లో ముందు వస్తాయి. ఆన్ ద టేబుల్, ఇన్ ద బ్యాగ్, అండర్ ద కాట్. ఇది పిల్లలు త్వరగానే పట్టుకుంటారు. ఇబ్బంది మన ‘కి’, ‘కు’ల దగ్గర వస్తుంది. గోడకు పటం పెట్టాం, వేలికి ఉంగరం పెట్టాం, నుదుటికి బొట్టు పెట్టాం. ‘కి’ అనగానే పిల్లలు ‘టు’ రాస్తారు. ఒక వస్తువు ఇంకో వస్తువును అంటుకుని ఉంటే ఇంగ్లిష్ దాన్ని ‘ఆన్’ అంటుంది. పుట్ ద పిక్చర్ ఆన్ ద వాల్. పుట్ ద రింగ్ ఆన్ యువర్ ఫింగర్. ‘ఆన్’ అంటే ‘పైన’ మాత్రమే కాదు, ‘అంటుకుని’ అని కూడా. ఈ ఒక్క ముక్క చెబితే చాలా తప్పులు పోతాయి.

మన మూడు భాషలూ ఒక వైపు

ఇక అసలు విషయం. తెలుగులో వస్తువును ఒక చోట చేర్చడానికి ముఖ్యంగా రెండు మాటలున్నాయి. పెట్టు, వేయు. బీరువాలో డబ్బు పెడతాం, హుండీలో డబ్బు వేస్తాం. బల్ల మీద ఉప్పు డబ్బా పెడతాం, కూరలో ఉప్పు వేస్తాం. ‘బల్ల మీద పుస్తకం పెట్టాడు’ అంటే బుద్ధిమంతుడు. ‘బల్ల మీద పుస్తకం వేశాడు’ అంటే విసురుగా పడేశాడేమో అనిపిస్తుంది. చేత్తో పట్టుకుని కుదురుగా ఆన్చితే పెట్టడం. చేతిలోంచి వదిలితే, పడనిస్తే, పరిస్తే వేయడం. ఈ తేడాను ఎవరూ మనకు బడిలో నేర్పలేదు. నడక వచ్చిన వయసులోనే వచ్చేసింది.

మస్కి వీధిలో కన్నడ వినండి. బీరువినల్లి దుడ్డు ఇడు, హుండియల్లి దుడ్డు హాకు. పెట్టడానికి ఇడు, వేయడానికి హాకు. బజారులో ఉర్దూ వినండి. అల్మారీలో డబ్బు పెట్టడానికి రఖ్నా, కూరలో ఉప్పు వేయడానికి డాల్నా. తెలుగు, కన్నడ ద్రావిడ భాషలు. ఉర్దూ వేరే కుటుంబం. అయినా మూడూ దాదాపు ఒకే చోట గీత గీశాయి. ఇంగ్లిష్ మాత్రం ఆ గీత గీయలేదు. బీరువాలోనైనా, హుండీలోనైనా, కూరలోనైనా ‘పుట్’ ఒక్కటే.

అన్ని చోట్లా అచ్చు గుద్దినట్లు కలవవు. మనం సంతకం పెడతాం, కన్నడిగులు సహి హాకుతారు. కానీ పెద్ద గీత ఒకటే. మస్కి లాంటి ఊళ్లో టీచర్‌కు ఇది మంచి వరం. తరగతిలో తెలుగు, కన్నడ, ఉర్దూ ఇళ్ల పిల్లలు కలిసి ఉన్నా ‘పుట్’ గురించి ఒకసారి చెబితే అందరికీ అందుతుంది. నల్లబల్ల మీద ఒక పక్క ‘పెట్టు - ఇడు - రఖ్నా’, దాని కింద ‘వేయు - హాకు - డాల్నా’ అని రాసి, రెండు వరసలకూ కలిపి ఒకే గుండ్రం చుట్టి ‘పుట్’ అని రాయండి. బొమ్మ పూర్తయినట్లే.

ఇంకో సరదా సంగతి కూడా పిల్లలకు చెప్పవచ్చు. కన్నడలో ‘పెట్టు’ అంటే దెబ్బ. తెలుగు పిల్లవాడు ‘పెట్టు పెట్టు’ అంటే కన్నడ మిత్రుడు ఉలిక్కిపడవచ్చు. మనకూ ఆ అర్థం పూర్తిగా పోలేదు. ‘గొడ్డలిపెట్టు’ అనే మాటలో అది దాగి ఉంది. అలాగే కన్నడ ‘ఇడు’ మనకు కొత్త కాదు. పేరిడు, మొరలిడు, ముద్దిడు అని మన పద్యాల్లో కనిపించేది అదే. పక్కింటి భాష ఎంత దగ్గరిదో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ అక్కర్లేదు.

ప్రపంచంలో మిగతావాళ్లు ఎలా పెడతారు?

వస్తువును ఒక చోట పెట్టడం మనుషులందరూ చేసే పనే. దాన్ని చెప్పే తీరు మాత్రం భాష భాషకూ వేరు. సూన్జా చోయ్, మెలిస్సా బౌర్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు 1991లో ఇంగ్లిష్, కొరియన్ పిల్లల మాటలను పోల్చి ఒక వ్యాసం ప్రచురించారు. ఇంగ్లిష్ పిల్లలు లోపల పెడితే ‘ఇన్’, పైన పెడితే ‘ఆన్’ అని విడదీస్తారు. కొరియన్‌లో ముఖ్యమైన తేడా వేరు. వస్తువు బిగుతుగా అమరిందా, వదులుగా ఉందా అన్నది చూస్తారు. వేలికి ఉంగరం, పెట్టెలో క్యాసెట్ రెండూ బిగుతుగా అమరుతాయి కాబట్టి రెండిటికీ ఒకే క్రియ. గిన్నెలో పండు వదులుగా ఉంటుంది కాబట్టి దానికి వేరే క్రియ. రెండేళ్లు నిండకముందే ఆ పిల్లలు తమ భాష పద్ధతిలో ఈ మాటలు వాడుతున్నారని వారు చూపించారు.

2012లో అనెట్టా కొపెకా, భువనా నరసింహన్ సంపాదకత్వంలో పెట్టడం, తీయడం అనే పనుల మీదే, ఎన్నో భాషలను పోలుస్తూ ఒక పుస్తకం వచ్చింది. అందులో తమిళం, హిందీ మీదా వ్యాసం ఉంది. మనం చిన్న మాట అనుకున్నది పెద్ద పరిశోధనే. మనకు కావలసిన సారం ఒక్కటి. బడికి వచ్చేసరికే పిల్లవాడి తలలో పెట్టడానికి, వేయడానికి గట్టి లెక్క ఒకటి ఉంది. ఇంగ్లిష్ ఖాళీ పలక మీద రాయడం లేదు. ఆ లెక్క పక్కనే ఇంకో లెక్క నేర్చుకుంటున్నాడు.

మనం పెట్టినా వాళ్లు ‘పుట్’ అననివి

ఇప్పుడు ‘పుట్ ద ఫ్యాన్’ దగ్గరికి వద్దాం. తెలుగులో ఫ్యాన్ వేస్తాం, కన్నడలో ఫ్యాన్ హాకుతారు. పిల్లవాడు రెండు భాషల సాక్ష్యంతో ‘పుట్ ద ఫ్యాన్’ అన్నాడు. ఇంగ్లిష్‌లో ‘టర్న్ ఆన్ ద ఫ్యాన్’ లేదా ‘స్విచ్ ఆన్ ద ఫ్యాన్’ అనాలి. ఇలాంటివి ఇంకా ఉన్నాయి.

తాళం వేస్తాం. వాళ్లు ‘లాక్ ద డోర్’ అంటారు.
టీ పెడతాం. వాళ్లు ‘మేక్ టీ’ అంటారు.
అన్నం పెడతాం. వాళ్లు ‘సర్వ్ ఫుడ్’ అంటారు.
పరీక్ష పెడతారు. వాళ్లు ‘గివ్ ఎ టెస్ట్’ అంటారు.
మార్కులు వేస్తారు. వాళ్లు ‘గివ్ మార్క్స్’ అంటారు.
పాపకు పేరు పెడతాం. వాళ్లు ‘నేమ్ ద బేబీ’ అంటారు.
ఓటు వేస్తాం. వాళ్లు ‘వోట్’ అంటారు.
విత్తనాలు వేస్తాం. వాళ్లు ‘సో సీడ్స్’ అంటారు.

ఇవన్నీ బట్టీ పట్టించనక్కర్లేదు. పిల్లలకు రెండు ప్రశ్నలు నేర్పండి. మొదటిది: ఆ వస్తువు ముందే ఎక్కడో ఉందా? రెండోది: అది అక్కడినుంచి ఇంకో చోటికి వచ్చిందా? రెండిటికీ అవును అంటే ‘పుట్’ వాడవచ్చు. లేదంటే వేరే మాట వెతకాలి. ఫ్యాన్ చోటు మారలేదు, తిరగడం మొదలుపెట్టింది. టీ ముందు లేదు, కాచాకే వచ్చింది. పేరు ఒక చోటినుంచి ఇంకో చోటికి రాలేదు.

ఈ పరీక్షకు అన్నిటికంటే మంచి ఉదాహరణ గుడ్డు. ‘కోడి గంపలో గుడ్డు పెట్టింది’, ‘అమ్మ గంపలో గుడ్డు పెట్టింది’. తెలుగులో క్రియ ఒకటే. ఇంగ్లిష్‌లో రెండు. కోడి పెట్టకముందు ఆ గుడ్డు బయటెక్కడా లేదు. కాబట్టి ‘ద హెన్ లెయిడ్ యాన్ ఎగ్ ఇన్ ద బాస్కెట్’. అమ్మ చేతిలో గుడ్డు ఉంది, గంపలోకి చేరింది. కాబట్టి ‘మదర్ పుట్ యాన్ ఎగ్ ఇన్ ద బాస్కెట్’. కన్నడలోనూ కోడి ‘మొట్టె ఇడుతుంది’. ‘అవర్ హెన్ పుట్ యాన్ ఎగ్’ అని రాసిన పిల్లవాడిని చూసి నవ్వేముందు ఇది గుర్తుంచుకోవాలి. వాడు రెండు భాషల వ్యాకరణం ప్రకారం సరిగ్గానే రాశాడు.

రెండు భాషలూ కలిసిపోయే చోట్లు కూడా ఉన్నాయి. అవి చెబితే పిల్లలకు ధైర్యం వస్తుంది. వ్యాపారంలో డబ్బు పెట్టాడు అంటే ‘హి పుట్ మనీ ఇంటు ద బిజినెస్’. తప్పు వాడి మీద వేశారు అంటే ‘దే పుట్ ద బ్లేమ్ ఆన్ హిమ్’. మనసు పెట్టి చదువు అన్నదానికి కూడా ‘పుట్ యువర్ మైండ్ టు ఇట్’ అని వాళ్లకూ ఒక మాట ఉంది. మనసునూ, తప్పునూ మనలాగే వాళ్లూ ఒక చోట పెట్టే వస్తువులుగానే చూశారు.

‘కీప్’ తగాదా

‘వేర్ డిడ్ యు కీప్ మై బ్యాగ్?’ అని మన దేశంలో చాలామంది అంటారు. ఆఫీసుల్లోనూ, కాలేజీల్లోనూ వినిపిస్తుంది. అందరికీ అర్థమవుతుంది కూడా. ఉర్దూ, హిందీల్లో ‘రఖ్నా’ అంటే పెట్టడమూ, ఉంచడమూ రెండూ. మనమూ ‘బల్ల మీద ఉంచు’ అంటాం. అలా ‘కీప్’ మన ఇంగ్లిష్‌లో స్థిరపడింది. కానీ పాఠ్యపుస్తకం ఇంగ్లిష్‌లో ఈ రెండు మాటలకూ తేడా ఉంది. పరీక్షలో ఆ తేడాకే మార్కు.

‘పుట్’ ఒక్క క్షణంలో అయిపోయే పని. ‘కీప్’ సాగే పని. చేతిలోని వస్తువు బల్ల మీదికి చేరడం ‘పుట్’. చేరిన వస్తువు అక్కడే ఉండేలా చూడటం ‘కీప్’. తెలుగు మాటలోనే దీనికి గుర్తు ఉంది. ‘ఉండు’ నుంచి ‘ఉంచు’ వచ్చింది. ఉంచడం అంటే ఉండేలా చేయడం. కన్నడలో ‘ఇరు’ నుంచి ‘ఇరిసు’ వచ్చినట్లే. ‘ఉండనివ్వు’ అని చెప్పగలిగిన చోట ‘కీప్’, ‘చేర్చు’ అని చెప్పగలిగిన చోట ‘పుట్’. పాలు ఫ్రిజ్‌లో పెట్టు: పుట్ ద మిల్క్ ఇన్ ద ఫ్రిజ్. పాలు ఫ్రిజ్‌లోనే ఉంచు: కీప్ ద మిల్క్ ఇన్ ద ఫ్రిజ్.

వేసుకోవడం, పెట్టుకోవడం, కట్టుకోవడం

ఒంటి మీద వేసుకునే వాటి దగ్గర మనది గొప్ప సంపద. చొక్కా వేసుకుంటాం, చీర కట్టుకుంటాం, కళ్లజోడు పెట్టుకుంటాం, గాజులు తొడుక్కుంటాం, పౌడరు రాసుకుంటాం. ఇంగ్లిష్‌లో వీటన్నిటికీ ‘పుట్ ఆన్’ సరిపోతుంది. ఇది పిల్లలకు సులువు. చిక్కు కాలం దగ్గర ఉంది. ‘నేను ఎర్ర చొక్కా వేసుకున్నాను’ అని మనం అనేటప్పుడు వేసుకున్నది పొద్దున్న, ఒంటి మీద ఉన్నది ఇప్పుడు. ఇప్పుడు ఒంటి మీద ఉందని చెప్పడానికి ఇంగ్లిష్‌లో ‘ఐ యామ్ వేరింగ్ ఎ రెడ్ షర్ట్’ అనాలి. ‘ఐ యామ్ పుటింగ్ ఆన్ ఎ రెడ్ షర్ట్’ అంటే ఇంకా గుండీలు పెట్టుకుంటున్నట్లు. వేసుకునే పని ‘పుట్ ఆన్’, వేసుకుని ఉండటం ‘వేర్’.

తోక మారితే అర్థం మారుతుంది

‘పుట్’ వెనక చిన్న మాట చేరితే కొత్త అర్థం వస్తుంది. పై తరగతుల పిల్లలకు వీటిని ఒక్కొక్కటిగా చెప్పాలి. ‘పుట్ ఆఫ్’ అంటే వాయిదా వేయడం. ‘పుట్ అవే’ అంటే వాడిన వస్తువును దాని చోట సర్దేయడం. ‘పుట్ అప్ విత్’ అంటే ఓర్చుకోవడం.

అన్నిటికంటే జాగ్రత్తగా నేర్పాల్సింది ‘పుట్ అవుట్’. మనం నిప్పు పెట్టడం అంటే అంటించడం. వాళ్లు ‘పుట్ అవుట్ ద ఫైర్’ అంటే ఆర్పడం. నిప్పు, పెట్టు అనే రెండు మాటలే పట్టుకున్న పిల్లవాడికి అర్థం తలకిందులవుతుంది. నిప్పు పెట్టడానికి ఇంగ్లిష్‌లో ‘సెట్ ఫైర్ టు’ అనాలి. సిలిండర్ మీదా, బస్సులోనూ రాసి ఉండే జాగ్రత్తలు చదవబోయే పిల్లలు వీళ్లు. ఈ తేడా మార్కులతో ఆగేది కాదు.

మస్కి బండ దగ్గర ఒక పాఠం

మస్కి పేరు దేశమంతా చదువుకున్నది అశోకుడి శాసనం వల్ల. బంగారం ఆనవాళ్లు వెతుకుతూ తిరిగిన ఇంజనీరు సి. బీడన్ 1915లో దాన్ని చూశారు. హెచ్. కృష్ణశాస్త్రి దాన్ని చదివి ప్రచురించారు. అప్పటికి దొరికిన శాసనాల్లో రాజును బిరుదులతోనే చెప్పారు. మస్కి బండ మీద ‘అశోక’ అన్న పేరే కనిపించింది. ఆ బిరుదుల రాజు అశోకుడే అని గట్టి రుజువు దొరికింది.

మస్కి పిల్లలకు ‘పుట్’ నేర్పడానికి ఇంతకంటే మంచి చోటు ఉందా? అశోకా పుట్ హిజ్ మెసేజ్ ఆన్ ఎ రాక్. ఏమిటి? మెసేజ్. ఎక్కడ? ఆన్ ఎ రాక్. హి డిడ్ నాట్ పుట్ ఇట్ ఆన్ పేపర్. పిల్లలను అక్కడికి తీసుకువెళ్లి ఈ రెండు ప్రశ్నలతోనే అయిదారు వాక్యాలు చెప్పించవచ్చు.

ఇక్కడే ‘పుట్’కు ఇంకో అర్థం కూడా చెప్పవచ్చు. మాటల్లో పెట్టడం. ‘పుట్ ఇట్ ఇన్ రైటింగ్’ అంటే రాసి ఇవ్వు. ‘పుట్ ఇట్ ఇన్ యువర్ ఓన్ వర్డ్స్’ అంటే నీ సొంత మాటల్లో చెప్పు. ‘పుట్ ఇట్ ఇన్ తెలుగు’ అంటే తెలుగులో చెప్పు. మస్కి శాసనం బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో ఉంది. మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలోని అశోక శాసనాలూ ప్రాకృతమే. కింది వాడైనా, పై వాడైనా ధర్మం పాటిస్తే మేలు పొందగలడన్నది మస్కి శాసనంలోని మాటల సారం. ప్రాకృతం రాని ఊరివాళ్లకు దాన్ని ఎవరో ఒకరు వాళ్ల భాషలో చెప్పాల్సి వచ్చేది కదా? పై తరగతుల పిల్లలకు ఈ ప్రశ్న వేసి, ఆ సారాన్నే ‘పుట్ ఇట్ ఇన్ తెలుగు, పుట్ ఇట్ ఇన్ కన్నడ, పుట్ ఇట్ ఇన్ ఇంగ్లిష్’ అని పని ఇవ్వండి. మూడు భాషల పిల్లలకు మూడు భాషల్లో చెప్పే అవకాశం ఇవ్వడం కంటే మంచి పాఠం లేదు.

తరగతిలో పది నిమిషాలు

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ ఆషర్ 1960లలో ఒక పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. టీచర్ ఆజ్ఞ ఇస్తారు, పిల్లలు మాట్లాడకుండా ఆ పని చేసి చూపిస్తారు. చేతులు ముందు నేర్చుకుంటాయి, నోరు తరవాత. ‘పుట్’కు ఇది అతికినట్లు సరిపోతుంది. సుద్దముక్క, సంచి, డబ్బా, చింతగింజలు చాలు.

‘పుట్ ద చాక్ ఇన్ ద బాక్స్.’ ‘పుట్ ద సీడ్స్ అండర్ ద బాక్స్.’ ‘పుట్ ద బ్యాగ్ ఆన్ ద చెయిర్.’ మధ్యలో ఒకసారి కావాలని ‘పుట్ ద చాక్’ అని ఆపండి. పిల్లలే ‘వేర్?’ అని అరవాలి. అలా అరిచిన రోజున నియమం వాళ్ల సొంతమైనట్లే.

ఇంగ్లిష్ రాని తల్లిదండ్రులకు

‘మాకు ఇంగ్లిష్ రాదు, మేమేం నేర్పగలం’ అని చాలామంది తల్లిదండ్రులు వెనక్కి తగ్గుతారు. ఈ మాట విషయంలో మీరు చేయాల్సింది తెలుగులోనే ఉంది. సంతనుంచి సరుకులు వచ్చినప్పుడు సర్దే పని పిల్లలకు అప్పగించండి. ‘ఏమిటి? ఎక్కడ?’ అని తెలుగులో అడగండి. వాళ్లు ఇంగ్లిష్‌లో చెబుతారు. ‘రైస్. ఇన్ ద డ్రమ్.’ ‘ఆనియన్స్. ఇన్ ద బాస్కెట్.’ తప్పో ఒప్పో మీరు చెప్పనక్కర్లేదు. రెండు జవాబులూ వచ్చాయా లేదా అని చూడండి, చాలు.

ఇంకొక మాట. పిల్లవాడు ‘పుట్ ద ఫ్యాన్’ అన్నప్పుడు ‘తెలుగు బడిలో వేయబట్టే ఇలా అయింది’ అని అనుకోవడం సహజం. ఇంట్లో తెలుగు మానేద్దామా అన్న ఆలోచన కూడా వస్తుంది. కానీ పైన చూశాం. ఆ తప్పు కన్నడ ఇళ్లలోనూ వస్తుంది. తెలుగు మానేస్తే అది పోదు. గుడ్డు ఎవరు పెట్టారో, పాలు పెట్టాలో ఉంచాలో తెలుగులో విడదీసి ఆలోచించగలిగిన పిల్లవాడే ఇంగ్లిష్‌లో సరైన మాటను ఎంచుకోగలడు. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించాలని భాషా అల్పసంఖ్యాకుల పిల్లల కోసం రాజ్యాంగంలో 1956లో చేర్చిన 350ఎ అధికరణం చెబుతోంది. ఇంటి భాష పునాదిగా పై భాషలు నిలబడతాయన్న నమ్మకం దాని వెనక ఉంది. ఆ పునాదిని మనమే తవ్వుకోవద్దు.

ఈ వారం అభ్యాసం

కింది వాక్యాలను పిల్లలతో ఇంగ్లిష్‌లో చెప్పించండి. ‘పుట్’ ఎక్కడ వస్తుందో, ఎక్కడ రాదో ముందు తెలుగులో చర్చించండి.

1. గ్లాసు బల్ల మీద పెట్టు.
2. తలుపుకు తాళం వెయ్యి.
3. ఆమె సంచిలో ఉల్లిపాయలు వేసింది.
4. మా కోడి రెండు గుడ్లు పెట్టింది.
5. తలుపు తెరిచే ఉంచు.
6. తాతయ్య కళ్లజోడు పెట్టుకుని ఉన్నారు.
7. మంట ఆర్పు.
8. గోడకు పటం పెట్టాం.

జవాబులు: 1. పుట్ ద గ్లాస్ ఆన్ ద టేబుల్. 2. లాక్ ద డోర్. 3. షి పుట్ ద ఆనియన్స్ ఇన్ ద బ్యాగ్. 4. అవర్ హెన్ లెయిడ్ టూ ఎగ్స్. 5. కీప్ ద డోర్ ఓపెన్. 6. గ్రాండ్‌ఫాదర్ ఈజ్ వేరింగ్ గ్లాసెస్. 7. పుట్ అవుట్ ద ఫైర్. 8. వి పుట్ ద పిక్చర్ ఆన్ ద వాల్.

ఎనిమిదిలో అయిదు సరిగ్గా వస్తే సంతోషించండి. మిగతా మూడు ఎందుకు తప్పాయో పిల్లలనే తెలుగులో చెప్పమనండి. కారణం చెప్పగలిగితే వచ్చే వారానికి అవీ సరిపోతాయి.